పాలలో పడ్డ అనుమానం

ఆదివారం పదింటికల్లా చర్చిలో ఉండాలి. పాపకు మూడో నెల నిండింది. ఆరాధన చివర ఇమ్మానుయేలు పాస్టర్‌గారు పాపను చేతుల్లోకి తీసుకుని, ప్రార్థన చేసి, కృప అని పేరు పెట్టాలి. ఆ హడావుడిలో, పాతపట్నంలోని ఆ చిన్న ఇంట్లో పొద్దున్న ఏడింటికే తలో పనీ మొదలైంది. కరెంటు ఆఫీసులో లైన్‌మన్‌గా పనిచేసే జాన్ తన తెల్లచొక్కాతో, ఇస్త్రీపెట్టెతో కుస్తీ పడుతున్నాడు. అతని తల్లి సీతమ్మ పాప గౌనుకు ఊడిన గుండీ కుడుతోంది. భార్య దీవెన పాపకు పాలిస్తోంది.

మూడు నెలలుగా దీవెన చేస్తున్న పని అదొక్కటే. పాప గంటన్నరకోసారి లేస్తుంది. లేచినప్పుడల్లా అమ్మే కావాలి. మొన్న దీవెన దువ్వెన ఫ్రిజ్‌లో పెట్టి, పాలప్యాకెట్టు బీరువాలో పెట్టింది. నిన్న జాన్ ఫోన్‌ చేస్తే ఎత్తి "ఆమేన్" అంది.

ఆ రోజు ఇడ్లీలు ఉడికేదాకా ఆకలికి ఆగలేక, పక్కింటి జగన్నాధం ముందురోజు ఇచ్చిన డబ్బా మూత తీసి రెండు లడ్డూలు తినేసింది. శివరాత్రికి పర్లాకిమిడిలో బావమరిది ఇంటికెళ్లి తెచ్చినవి అవి. "పూజలో పెట్టినవి కావప్పా, మీకోసం వేరేగా తీయించినాను" అని అక్క వరసైన సీతమ్మ చేతికి మరీ మరీ చెప్పి ఇచ్చాడు. లడ్డూలు తిని దీవెన పాపకు పాలిచ్చింది. పాప నిద్రపోయింది. ఊపకుండా, పాడకుండా, భుజాన వేసుకుని వీధి చివరిదాకా నడవకుండా, తనంతట తనే నిద్రపోయింది. అరగంటైనా లేవలేదు.

"సూడు బావా, ఎలగ తొంగున్నాదో!" అంది దీవెన జాన్‌తో ముచ్చటగా.

అప్పుడే జగన్నాధం పరుగున వచ్చాడు. ఒక కాలికే చెప్పు ఉంది.

"సీతమ్మప్పా! నానిచ్చిన డబ్బా తెరిసినారేటి?"

"తెరిసినాం. ఏటయినాది?"

"రెండు డబ్బాలు తెచ్చినానప్పా. ఒకటి మీకు, ఒకటి మా భజన మేళానికి. మేళం డబ్బాలో లడ్డూలకి భంగు కలిపినారు. పొద్దున్న నా దగ్గిరున్న డబ్బాలోంచి ఒకటి తిన్నాను. అరగంట సూసినాను. ఏటీ ఎక్కలేదు. అంటే డబ్బాలు మారిపోనాయి."

"భంగంటే ఏటి?"

జగన్నాధం తల దించుకున్నాడు. "గంజాయాకేనప్పా."

ఇస్త్రీపెట్టె కింద తెల్లచొక్కా కాలిన వాసన వచ్చింది. ఎవరూ అటు చూడలేదు. నలుగురి చూపూ నిద్రపోతున్న పాప మీదే ఉంది.

"లే తల్లీ, లే" అంటూ దీవెన పాపను కుదిపింది. పాప ఒకసారి మూతి చప్పరించి మళ్లీ కళ్లు మూసుకుంది. దీవెనకు కాళ్లు తేలిపోతున్నట్టనిపించింది. గోడ కాస్త పక్కకు జరిగినట్టు కూడా అనిపించింది.

"కంగారు పడకండి" అన్నాడు జగన్నాధం. "ఆకే కదా, సారా కాదు. మా తాత రోజూ తిని తొంబై ఏళ్లు బతికినాడు."

"మీ తాత ఎవులికైనా పాలిచ్చినాడేటి?" అంది సీతమ్మ. మిషన్ ఆసుపత్రిలో ముప్పై ఏళ్లు ఆయాగా పనిచేసిన మనిషి ఆమె. డాక్టర్లకు తెలిసినవి సగం, తెలియనివి సగం తనకు తెలుసునని నమ్మకం. "ముందు పాలు పిండి పారబోసీయే దీవెనా. గంటలో పోతాది."

జాన్ ఫోన్‌లో వెతికాడు. ఒక వీడియోలో ఒకావిడ ఆకు ప్రకృతి ఇచ్చినదనీ, బాలింతలకు దిగులు పోగొడుతుందనీ చెప్పింది. ఇంకొకాయన పిల్ల మెదడు ఎదగదన్నాడు. మూడో వీడియోలో పాలపొడి అమ్ముతున్నారు. జాన్ ఫోన్ జేబులో పెట్టి, కాలిన చొక్కానే తొడుక్కుని ఆటో పిలిచాడు.

జగన్నాధం కూడా డ్రైవరు పక్కన ఎక్కాడు. ఆటో ఎక్కుతూ సీతమ్మ పాస్టరమ్మగారికి ఫోన్ చేసింది. "మేం రాలేం అమ్మగారూ. దీవెన గంజాయి లడ్డూ తినీసినాది. పాలల్లోంచి పసిగుంటకి కూడా ఎక్కీసినాది. పెద్దాసుపత్రికి ఎల్తన్నాం. ప్రార్థన సెయ్యండి." ఆటో చప్పుడులో పాస్టరమ్మగారికి అన్నీ వినపడలేదు. పావుగంట తర్వాత, ఆరాధనకు ముందు జరిగే ఆడవాళ్ల ప్రార్థనలో, చర్చి మైకులో మన సహోదరి దీవెన గంజాయి అలవాటు నుంచి విడుదల పొందేలా అందరం మోకరిద్దామని ప్రకటన వినిపించింది.

ఆసుపత్రిలో చీటీ రాయించి కూర్చున్నాక పాప లేచింది. లేచి ఆకలికి ఏడ్చింది. సీతమ్మ పాలపొడి కలిపి చెంచాతో పడితే ఉమ్మేసి, తల తిప్పి తల్లి గుండెల వైపు వెతుక్కుంది. ఆ ఏడుపుకు దీవెనకు పాలు చేపుకొచ్చి జాకెట్టు తడిసిపోయింది. పమిట అదిమి పట్టుకుని గోడ వైపు తిరిగి కూర్చుంది. జాన్ పాపను ఎత్తుకుని వరండాలో ఈ చివరి నుంచి ఆ చివరికి తిరిగాడు. ఎత్తుకున్న ప్రతిసారీ, కాలిన చొక్కా చిల్లులోంచి పాప వేలు అతని ఛాతీకి తగులుతోంది.

డాక్టర్ ధనలక్ష్మి ముందు పాపను చూసింది, తర్వాత దీవెన కళ్లు, నాడి చూసింది.

"పిల్ల హుషారుగానే ఉంది. ఇంతకీ ఏం తిన్నావో తేలేదాకా పాలియ్యకు. నీకెలా ఉంది?"

"ఒళ్లు తేలిపోతన్నాది మేడం. గోడలు కదుల్తన్నాయి." దీవెన పమిట సర్దుకుంది. "ఆకే కదా, పిండీసి పారబోస్తే పోతాదంటన్నారు."

"పోదమ్మా. అది పాలల్లో కొవ్వు పట్టుకుని ఉంటాది. గంటల్లో కాదు, రోజులు పడతాది. తిన్నా అంతే, పీల్చినా అంతే. పిల్లకి ఎంత చెడుపు చేస్తాదో ఎవరూ ఇంకా పూర్తిగా తేల్చలేదు. తేలనిదాన్ని పిల్ల మీద పరీక్షించకూడదు."

దీవెన అత్తగారి వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించింది. "ఒక మాట సెప్పాలి మేడం. అది భంగని తెలిసినాక కూడా, గుంట అలగ తొంగుంటే... ఒక్క చణం బాగుందనిపించినాది. రోజుకో ముక్క తింటే దీనికీ నాకూ నిద్ర పడతాదేమో అనుకున్నాను. నాను తల్లినేనా?"

డాక్టరు కలం పక్కన పెట్టింది. "ఈ కుర్చీలో కూర్చుని అలా అనుకున్నవాళ్లు చాలామందే ఉంటారు. పైకి చెప్పినది నువ్వొక్కదానివే. చివరిసారి కంటినిండా ఎప్పుడు నిద్రపోయావు?"

దీవెన వేళ్లు మడిచి లెక్క చూసింది. "ఇది పుట్టిన ముందురోజు."

సీతమ్మ కోడలి ముఖంలోకి చూసింది. మూడు నెలల్లో తను పాప ముఖం తప్ప ఇంకో ముఖం సరిగ్గా చూడలేదని ఆమెకు అప్పుడు తట్టింది. తడిసిన జాకెట్టు కనపడకుండా తన తువ్వాలు తీసి దీవెన భుజాల మీద కప్పింది.

ఇంతలో వరండాలోంచి పాట వినిపించింది. దీవెన విడుదల కోసం చర్చి నుంచి పాస్టర్‌గారితో పాటు పదిహేనుమంది ఆడవాళ్లు వచ్చారు. వాళ్ల మధ్య నేల మీద కూర్చుని జగన్నాధం శివభజన పాడుతున్నాడు. రాగం బాగుండటంతో వాళ్లు కొంతసేపు చప్పట్లు కూడా కొట్టారు. డాక్టరు బయటకు వచ్చేసరికి అతను పాస్టర్‌గారి చెయ్యి పట్టుకుని ఏడుస్తున్నాడు.

"మీ సెవులు ఎంత బాగున్నాయి అయ్యగారూ! ఇన్నాళ్లూ సూడనేదు!"

అతని కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి. డాక్టరు వంగి చూసింది. "లడ్డూ ఎప్పుడు తిన్నావు?"

"ఏడింటికి మేడం. ఏటీ ఎక్కనేదు" అన్నాడు జగన్నాధం, పకపకా నవ్వుతూ.

"తిన్నది ఎక్కడానికి గంటా రెండు గంటలు పడతాది నాయనా. డబ్బాలు మారలేదు. నీది నీ దగ్గిరే ఉంది." డాక్టరు దీవెన వైపు తిరిగింది. "నువ్వు తిన్నవి ఒట్టి లడ్డూలే. నీకెక్కింది మత్తు కాదు, మూడు నెలల నిద్ర. పాలియ్యి తల్లీ."

దీవెన అక్కడే బల్ల మీద కూర్చుంది. పదిహేనుమంది ఆడవాళ్లూ చుట్టూ చేరి, చీర కొంగులు పట్టి తెర కట్టారు. లోపలి నుంచి పాప గుటకలు వేస్తున్న చప్పుడు, దాని మీద దీవెన వెక్కిళ్లు వినిపించాయి. పాలు తాగి పాప త్రేన్చాక, పాస్టర్‌గారు ఆ వరండాలోనే చేతులు చాపి పాపను తీసుకుని ప్రార్థన చేసి, కృప అని పేరు పెట్టారు. అందరికంటే గట్టిగా ఆమేన్ అన్నది జగన్నాధమే. తర్వాత నర్సు అతన్ని మంచం మీద పడుకోబెట్టింది.

డాక్టరు దీవెనకు మందులేమీ రాయలేదు. చీటీ మీద రెండు పేర్లు రాసింది, జాన్, సీతమ్మ. పాలిచ్చే వేళ తప్ప మిగతా వేళల్లో పాపను ఇద్దరూ వంతులేసుకుని చూసుకోవాలని, దీవెనను లేపకూడదని కింద గీత గీసి మరీ రాసింది.

ఇంటికి రాగానే దీవెన మంచం ఎక్కింది. మొదటి వంతు తనదని జాన్ ఉయ్యాల పక్కన కుర్చీ వేసుకున్నాడు. వాణ్ణి నమ్మలేనని సీతమ్మ గుమ్మం దగ్గర చాప పరుచుకుని కాపలా కూర్చుంది.

మధ్యాహ్నం రెండింటికి ఆ ఇంట్లో మెలకువగా ఉన్నది కృప ఒక్కతే.