పడుగు తప్పించే బటన్

నవ్వనని మాటిస్తేనే చెబుతాను. సరే, నవ్వుకోండి, చెప్పినా ఆగరు.

ధర్మవరంలో పట్టుచీరలు నేసే ఇంటి అల్లుణ్ణి నేను. బెంగళూరు కంపెనీ వాళ్ళ కంప్యూటర్లను అత్తగారింట్లో కూర్చునే చూసుకుంటాను. మగ్గానికి కొత్త పడుగు వచ్చిందంటే నాకు జ్వరం వచ్చినట్టుంటుంది. పాత పోగుల కొసలకు కొత్త పోగులను ఒక్కొక్కటే మెలేసి అతకాలి. వేల పోగులు! మా మామ తిరుపాల్‌కు దగ్గరి చూపు తగ్గింది, అందుకని అందరి కళ్ళూ నా చేతుల మీదే.

నేను పనిచేసే టెర్మినల్ ప్రోగ్రాం కంప్యూటర్ తెర మీద ఒక నల్ల కిటికీ. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. ఏ బటన్ నొక్కితే ఏం జరగాలో ఒక ఫైల్లో మనమే రాసుకోవచ్చు. ఎఫ్‌నైన్ నొక్కితే పచ్చటి అక్షరాలు బిలబిలా పరుగెత్తేట్టు రాసిపెట్టాను. వాటికి అర్థమేమీ లేదు.

పడుగు పనికి పిలుద్దామని మామ గుమ్మంలోకి రాగానే నొక్కాను.

"అబ్బా! ఎంత పని పడిండాదప్పా నీకు!" అని వెనక్కి పోయి, ఆయనే కాఫీ తెచ్చిచ్చాడు. అది తాగుతుంటే సిగ్గేసింది. ఎక్కువ కాదు, కొంచెమే.

ఆయన వెంట వచ్చిన నా భార్య ప్రమోద మాత్రం కదల్లేదు. మామ కూతురే, చీరల డిజైన్లు కంప్యూటర్లో గీసేది ఆమే.

"బావా, అవి ఎట్ల వస్తాండాయి?"

"కంపెనీ పని. నీకు అర్థం కాదులే."

"ఇందాక పోయిన వరసే మళ్ళా వస్తాండాది. చీర అంచులో హంస బొమ్మ మాదిరి రిపీటు పడతాండాది."

దొరికిపోయాను. కానీ అంత ఆసక్తిగా అడిగితే నా పాండిత్యం ఆగుతుందా? ఫైలు తెరిచి మొత్తం చూపించాను.

"అయితే ఏ బటన్‌కైనా ఏదైనా పెట్టొచ్చా?"

"దేనికైనా. ఎస్కేప్ ఒక్కటే నాకు లొంగలేదు."

"తప్పు రాస్తే?"

"మార్చే ముందు పాత ఫైలు కాపీ తీసి పెట్టుకోవల్ల. అది నా సూత్రం."

"మన మగ్గం మీది జకార్డు అట్టల పనే కదా బావా! యాడ బొక్క పెడితే ఆడ పోగు లేస్తాది. భయపడొద్దు, నాయనకు నేను చెప్పనులే."

మాట నిలబెట్టుకుంది. ఆమె చెప్పలేదు.

మర్నాడు మామ మళ్ళీ వచ్చాడు. "ఏమప్పా, కొంచెం తీరిక ఉండాదా? ఈ వారంలో చీర మగ్గం దిగకపోతే పెండ్లోల్ల దగ్గర మాట పోతాది."

ఎఫ్‌నైన్ నొక్కాను. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు పడింది. నా ఫైలు మార్చడమే కాక అక్షరాల సైజు కూడా పెంచింది ప్రమోద మహాతల్లి. వాట్సాప్ అలవాటున్న మామ గుమ్మంలోంచే కూడబలుక్కుని చదివాడు: "మామా, నాకు పనేం లేదు."

కంగారులో ఎఫ్‌టెన్ నొక్కాను. "పడుగు అతికేదానికి వస్తాండా."

ఆపుదామని ఎస్కేప్ నొక్కాను. "అయిపోయేదాకా లేచేది లేదు."

మామ కళ్ళు చెమర్చాయి. "ఎంత మంచోడివప్పా! నోటితో చెప్పలేక రాసి చూపిస్తాండావా!"

మగ్గం దగ్గర ప్రమోద నాకోసం పీట వేసి ఉంది.

"నా పాత ఫైలు?" అన్నాను పళ్ళు కొరుకుతూ.

"కాపీ తీసి పెట్టుండా బావా. నీ సూత్రమే కదా. పడుగు అయినాక ఇస్తా."

పీట మీద కూర్చుని పోగులు మెలేయడం మొదలుపెట్టాను. కోపం ఎక్కువసేపు నిలవలేదు, లోపల ఇంకో దురద మొదలైంది.

"అది సరే గానీ, ఎస్కేప్ నీకు ఎట్ల లొంగింది?"

"అది కూడా పడుగు అయినాకనే."

మీరు నమ్మరు, ఆ సాయంత్రం ఇంట్లో అందరికంటే వేగంగా పోగులు అతికింది నేనే.