ఏడు పొరలకూ లావినియా కాపలా

చీకటితోనే పెరట్లో ఉము అనే మట్టిపొయ్యి గుంటలో రాళ్లు ఎర్రగా కాలాయి. మాంసం, కొబ్బరిపాలు చేమాకుల్లో పొట్లాలు కట్టి అందులో పెట్టి, పైన మట్టి కప్పి, లావినియా చేతులు కడుక్కుంది. మే నెల మొదటి ఆదివారం. చర్చిలో పిల్లల పండుగ. కూతురు సేయినికి తెల్లగౌను తొడగాలి, తొంగా ఆచారం ప్రకారం తన నడుముకు చాప చుట్టుకోవాలి, గంట కొట్టేలోగా చర్చి వెనకగదిలో కంప్యూటర్ ముందు కూర్చోవాలి. వంట సంగతి ఉము చూసుకుంటుంది. ఆమె వేసుకున్న పథకం అంతే.

ఆరేళ్ల సేయిని ఇవాళే మొదటిసారి అందరి ముందూ బైబిలు వాక్యం అప్పజెప్పబోతోంది. వాళ్ల నాన్న తనియేలా ఆస్ట్రేలియాలో నారింజకాయలు కోసే పనికి వెళ్లాడు. పని దిగాక రోజూ ఫోన్లో కూతురి చేత వల్లె వేయించింది ఆయనే. చర్చి ప్రత్యక్ష ప్రసారంలో ఆయన చూస్తాడు. చూసి తీరాలి. “నువ్వు చూడకపోతే నేను చెప్పను నాన్నా” అని ఆ పిల్ల ముందే తేల్చేసింది. మొండితనంలో అచ్చం తల్లే.

నిరుడు ఇదే పండుగలో, పిల్లలు నోవహు ఓడ కథ ఆడుతుండగా ఎవడో దుర్మార్గుడు ప్రసారంలోకి చొరబడి గుర్రప్పందేల ప్రకటన వేశాడు. ప్రసారం చూసుకునేది లావినియాయే కాబట్టి ఊరంతా ఆమెనే ఆడిపోసుకుంది. ఆమెకు పౌరుషం పొడుచుకొచ్చింది. ఫిజీలోని సువా వెళ్లి, నెట్‌వర్క్ మీద జరిగే దాడుల గురించి శిక్షణ పుచ్చుకుని మరీ వచ్చింది.

“నెట్‌వర్క్‌కి ఏడు పొరలుంటాయి అయ్యగారూ” అని పాస్టర్ మోసెసేగారికి వివరించింది. “అన్నిటికంటే అడుగున తీగ. దానిమీద, ఒకే గదిలో యంత్రాలు ఒకదాన్నొకటి పిలుచుకునే పొర. ఆ పైన ఊళ్ల మధ్య దారులు, దారుల చివర తలుపులు. అలా పోగా పోగా అన్నిటికీ పైన జనం కంటికి కనిపించేది. దొంగ ఏ పొరలోంచైనా దూరతాడు. ఈసారి ఈగను కూడా వాలనివ్వను.”

“అంతా బాగానే ఉందమ్మా. ఆదివారం పని చెయ్యకూడదు, చట్టం ఊరుకోదు.”

“ఇది పని కాదండీ, కాపలా.”

పాస్టరుగారు గడ్డం నిమురుకున్నారు. “సరే. స్క్రూడ్రైవర్ మాత్రం ముట్టుకోకు.”

ఆరాధన మొదలైంది. మొదటి పిల్లవాడు తడబడకుండా వాక్యం ముగించాడు. “మాలియే!” అని చర్చి అంతా శభాష్ చెప్పింది. అదే క్షణంలో లావినియా ముందున్న తెర మీద అదే మాట వందల చోట్ల నుంచి వచ్చి పడింది. మాలియే. మాలియే. మాలియే. ఆమె వెన్ను నిటారైంది. ఒకే మాట, ఒకే క్షణంలో, వేరువేరు చోట్ల నుంచి వస్తే పంపేది మనుషులు కాదు, యంత్రాలు అని సువాలో నూరిపోశారు.

“పై పొర మీదే పడ్డావట్రా! ఉండు నీ పని చెబుతా” అంటూ సందేశాలు మూసేసింది, పంపినవాళ్లందరినీ బయటికి నెట్టేసింది.

నెట్టినవాళ్లు ఊరుకుంటారా? పేజీ మూసి మళ్లీ తెరిచారు, మళ్లీ మూసి మళ్లీ తెరిచారు. తలుపుల పొర దగ్గర ఒకటే బాదుడు. దొంగ కిందికి దిగాడని లావినియా పళ్లు నూరింది. బాదేవాళ్లు ఎక్కడివాళ్లో చూస్తే ఆక్లండ్. ఆక్లండ్ దారి మూసింది. అంతలో సిడ్నీ ఎక్కువైంది. ఊరూరూ ఏం మూస్తాం అని ఆస్ట్రేలియా మొత్తాన్ని ఒక్క మీటతో మూసింది. ఆ ఊపులోనే అమెరికా కూడా అయిపోయింది.

తలుపు తోసుకుని కలోలైనే తల లోపలికి పెట్టింది. తనియేలా అక్క, సేయినికి మేనత్త. తొంగాలో మేనత్త మాటకు ఏ ఇంట్లోనూ ఎదురుండదు.

“ఏమే, ఆక్లండ్‌లో మా పిన్నికి బొమ్మ రావట్లేదట!”

“వదినా, దాడి జరుగుతోంది. ఇప్పుడు పిన్నీ లేదు, బాబాయీ లేదు. తలుపెయ్యి.”

“అబ్బో! సువా వెళ్లొచ్చాక మాటలు నేర్చావే” అంటూనే కలోలైనే వెళ్లిపోయింది.

బొమ్మ రానివాళ్లు దారి కనిపెట్టారు. చర్చిలో కూర్చున్న చుట్టాలకు నేరుగా వీడియో కాల్ చేశారు. మందపాటి పగడపురాతి గోడలు, టవర్ సిగ్నల్ లోపలికి రాదు, ఉన్నదల్లా చర్చి వైఫై. అందరూ దానికే తగులుకున్నారు. ఒక్కొక్క బల్ల నుంచి అయిదారు ఫోన్లు పైకి లేచాయి. గదిలో ఉన్న చిన్న వైఫై డబ్బా దీపాలన్నీ పిచ్చిపట్టినట్టు కొట్టుకున్నాయి. లావినియా కుర్చీలోంచి లేచింది.

“ఓరి నీ దుంపతెగ, లోపలికే వచ్చేశావా!”

ఇక మిగిలింది అడుగుపొర. రెండు చేతులతో తీగ పట్టుకుని పీకేసింది. దీపాలు ఆరిపోయాయి. చెమట తుడుచుకుని, జన్మలో అంత గెలుపు ఎరగనట్టు కుర్చీలో వెనక్కి వాలింది.

అంతలో చర్చి మైకులో చిన్న గొంతు వినిపించింది.

“నాన్న చూస్తున్నాడా?”

మైకులో మళ్లీ అదే గొంతు.

“నాన్న చూస్తేనే చెప్తా.”

ఈసారి కలోలైనే తలుపు తొయ్యలేదు, తన్నింది. ప్రసారం ఆరిపోవడానికి ముందు తన ఫోన్లో నిలిచిపోయిన సందేశాలను మరదలి మొహం మీద పెట్టింది.

“ఎవరే నీ దొంగలు? ఇదిగో మాలియే అన్నవాడు మా చిన్నాన్న కొడుకు. ఈవిడ మీ పెద్దమ్మ. ఈ ముసలాయన మీ అమ్మ మేనమామ, ఆసుపత్రి మంచం మీంచి చూస్తున్నాడు! పిల్లాడు బాగా చెప్తే మాలియే అనక ఇంకేమంటారే? నువ్వనవా?”

లావినియా తెర వైపు తిరిగింది. ఆస్ట్రేలియా అంతా మూసేసిన మీట కళ్లముందు కదిలింది. ఆ మూతలో తనియేలా కూడా పోయాడు.

“అయ్యో వదినా, ఆయన మొహం మీద తలుపేసింది నేనే!”

తీగ ఎత్తింది. అడుగు నుంచి మొదలుపెట్టి ఒక్కొక్క పొరా తెరవాలి. తీగ గుచ్చింది, జారిపోయింది. మళ్లీ గుచ్చింది, మళ్లీ జారింది. పీకిన పీకుడికి కొనలో ఉండే పట్టు కాస్తా విరిగింది. వేరే తీగ కొందామంటే ఆదివారం, దీవి మొత్తంలో ఒక్క కొట్టు తెరిచి ఉండదు. గుమ్మంలోకి వచ్చిన పాస్టరుగారు అంతా చూశారు.

“చేత్తో పట్టుకో. పట్టుకోవడం పని కిందికి రాదు” అని తీర్పిచ్చి, మైకు దగ్గరకు పరుగెత్తారు. “ఎవరూ ఫోన్లు ముట్టుకోవద్దు! సేయినీ, కొంచెం ఆగు తల్లీ, నాన్న వస్తున్నాడు!”

లావినియా ఒక చేత్తో తీగను అదిమి పట్టుకుంది, ఇంకో చేత్తో దారులు తెరిచింది. ఆస్ట్రేలియా ముందు. తర్వాత ఆక్లండ్, అమెరికా, సందేశాలు. దాడి అనుకున్నదంతా మళ్లీ బిలబిలా వచ్చి పడింది. ఆ గుంపులో ఒక వరస: “వచ్చాను తల్లీ. చెప్పు.”

కలోలైనే గుమ్మంలోంచి గొంతు చించుకుంది. “వచ్చాడే! మీ నాన్న వచ్చాడు!”

సేయిని చెప్పింది. ఎక్కడా ఆగలేదు. గోడకు అవతలే ఉన్నా లేచి వెళ్లి చూసే వీల్లేదు తల్లికి, చెయ్యి తీస్తే ప్రసారం పోతుంది. తెర మీద తెల్లగౌను చూస్తూ, కళ్లు మసకబారుతుంటే, ఖాళీగా ఉన్న చేత్తో తనూ కొట్టింది: మాలియే.

ఆరాధన ముగిసింది. లావినియా కొంకర్లు పోయిన వేళ్లు నలుపుకుంటుంటే పాస్టరుగారు వచ్చారు.

“ఇంతకీ దాడి ఏ పొర మీద జరిగిందమ్మా?”

“పైనుంచి తీగ దాకా వరసపెట్టి జరిగిందండీ. చేసింది నేనే.”

“అంటే బయటివాళ్లెవరూ కాదన్నమాట. దేవుడు చల్లగా చూశాడు” అని ఆయన భోజనానికి బయల్దేరారు.