సూర్యప్రకాశరావు డబుల్ యాక్షన్

"నా కండ్ల నుంచి తప్పించుకునే నేరం ఈ పటాన్‌చెరుల ఇంకా పుట్టలే" అని ప్రకటించాడు జెఫ్రీ. సరిగ్గా అప్పుడే ఆ కళ్ళ ముందు నుంచే వాళ్ళిద్దరూ ఎక్కాల్సిన కంపెనీ బస్సు వెళ్ళిపోయింది.

మల్లేష్ నెత్తి కొట్టుకున్నాడు. మందుల కంపెనీలో తనతో పాటు ప్యాకింగ్ చేసే ఈ జెఫ్రీ, ఫోన్లో వీడియోలు చూసి డిటెక్టివ్ అయిపోయాడు. మునిగేవాడికి గడ్డిపోచ కూడా ఆధారమే కాబట్టి మల్లేష్ తన ఇంటి గోడు అతనికే చెప్పుకున్నాడు.

తల్లి మొగులమ్మ మల్లేష్‌తో మాట్లాడడం మానేసింది. చిత్రమేమిటంటే ఇద్దరి ఓటూ ఎన్నికల్లో నిలబడ్డ సూర్యప్రకాశరావుకే. పాశమైలారం పక్కనున్న పొలాల్లోకి కంపెనీలు తెచ్చి పర్మినెంట్ ఉద్యోగాలిప్పిస్తానని తన ఫోన్‌కొచ్చిన వీడియోలో ఆయన అన్నాడంటాడు కొడుకు. గుంట భూమి కూడా కంపెనీలకు పోనివ్వనని తన ఫోన్లో అన్నాడంటుంది తల్లి. "పొలం అమ్ముకుందామని అబద్ధాలు సెప్తున్నవ్" అనేసిందావిడ. ఆ మాటతో మల్లేష్‌కు అన్నం సహించడం లేదు.

కొడుకును ముట్టనివ్వని ఫోన్‌ను మొగులమ్మ, ఇంటికొచ్చిన జెఫ్రీకి ఇచ్చింది. అతను రెండు ఫోన్లూ పక్కపక్కన పెట్టి, నేరస్థులు వింటారని సౌండు తీసేసి, భూతద్దంతో వీడియోలు చూశాడు.

"పుట్టుమచ్చ సూడు. గిండ్ల ఎడమ చెంపకు, గండ్ల కుడి చెంపకు. మనిషి ఒక్కడు కాదు, ఇద్దరు. అసలాయన్ని దాచిపెట్టి డూప్‌ను దింపిండ్రు."

"ఒకటి సెల్ఫీ వీడియోరా. అద్దంల లెక్క తిరగబడ్డది."

"డూప్ మనుషులు గూడ గిట్లనే అంటరు" అని మల్లేష్‌ను అనుమానంగా చూసి, సౌండు పెంచి, ఎవరి ఫోన్ వాళ్ళకే ఇస్తున్నాననుకుంటూ దర్జాగా అందించాడు. రెండింటికీ ఇస్మాయిల్‌ఖాన్‌పేట గుడి దగ్గర కొన్న ఒకే రకం అమ్మవారి కవర్లు. తల్లి ఫోన్ కొడుక్కి పోయింది, కొడుకుది తల్లికి.

"తమ్ముడూ, మీ పొలాల్లోనే కంపెనీలు నిలబెడతా" అంది మొగులమ్మ చేతిలోని ఫోన్.

"అమ్మా, గుంట భూమి పోనివ్వను" అంది మల్లేష్ చేతిలోది. గొంతు అదే, కండువా అదే.

మొగులమ్మ రెండు ఫోన్లనూ మార్చి మార్చి చూసింది.

"నీకు గిట్ల సెప్పిండా బిడ్డా?"

"నువ్వు ఫోన్ల వరినాట్లు సూస్తవ్, నేను నౌకరీలు వెతుకుత. ఎవరేం సూస్తరో కనిపెట్టి, వాళ్ళకు గదే సెప్తున్నడే అవ్వా."

"తల్లికో మాట, కొడుక్కో మాట. పాడుగాను, నిన్ను అబద్ధాలోడన్న" అంటూ ఆవిడ కళ్ళొత్తుకుని, ఇద్దరికీ అన్నం వడ్డించింది. మల్లేష్‌కు ప్రాణం లేచొచ్చింది.

"ఫోన్లు మార్చుడు నా ప్లానే" అన్నాడు జెఫ్రీ, కాలర్ ఎగరేస్తూ. ఇంతలో అతని ఫోన్‌లోనూ ఓ వీడియో మోగింది.

"సోదరా, నేను గెలిస్తే మండలానికో ప్రైవేట్ డిటెక్టివ్ ఆఫీసు, దానికో జీపు" అన్నాడు సూర్యప్రకాశరావు.

జెఫ్రీ కళ్ళు చెమ్మగిల్లాయి. "నా విలువ గీయనొక్కడికే ఎరుక. నా ఓటు గీయనకే."

మొగులమ్మ గంటెతో ఆ ఫోన్ వైపు చూపించింది. "జెఫ్రీ బిడ్డా, గీడు అసలోడా, డూపా?"

"గీయన అసలాయనే, పెద్దమ్మా" అన్నాడు జెఫ్రీ.