తవిటయ్య అర్ధాసన విజయము

వినుడు శ్రోతలారా! చేతిలోని ఫోను కాస్త బోర్లించి, చెవులు ఇటు పెట్టి వినుడు! బొగ్గుపొగల కాలము కడచి, కరెంటు తీగెలు ఆకాశమును గళ్లు గళ్లుగా కోసిన ఈ వర్తమాన కలియుగమందు, వంగదేశ నైరుతి సీమలో, ఇంజను కూతలే మేలుకొలుపులుగా, వర్క్‌షాపు సైరనే గడియారముగా గల ఖరగ్‌పూరను లోహపథ మహానగరము కలదు. ఆ నగరమున న్యూ సెటిల్‌మెంటను పేటలో, శ్రీకాకుళము నుండి తాత వచ్చి పాతుకొనిన కార్మికకులమున జన్మించి, నట్లు బిగించుటలోనే తల నెరసిన మహాఫిట్టరు, స్పానర్‌పాణి, బోల్టుభంజనుడు, తెలుగు సంఘపు నాటకములలో సేనాపతి వేషమును మరియొకనికి దక్కనీయని మేఘగంభీరకంఠుడు, తవిటయ్య యనువాడు వెలుగొందుచుండెను.

ఆతని ధర్మపత్ని మీనాకుమారి. ఆ యిల్లాలికి భూమి మీద భయమన్నది లేదు, లోకల్ రైలులో నడిమి సీటు తప్ప. మొగమునకు గాలి తగలకున్న ఆమెకు కడుపు తిప్పును. కడచిన యేడు సాంత్రాగాఛిలో చెల్లెలి గృహప్రవేశమునకు పోవుచు, నడిమి సీటున ఇరుక్కొని, ఉలుబేరియా దాటీ దాటకమునుపే కొత్త పట్టుచీర మీద వాంతి చేసికొనెను. ఆ చీరతోనే ఫొటోలు దిగవలసి వచ్చెను. నాటినుండి ఆమెది ఒకటే మాట.

“కిటికీ సీటు దొరికితేనే ఎక్కుతాను. నేదంటే ప్లాటుపారం కాడ్నించే ఎనక్కొచ్చీస్తాను. మరి జన్మలో నీతో రైలెక్కను, సెప్పీసినాను!”

ఇప్పుడా చెల్లెలి మనుమనికి బారసాల వచ్చినది. బిడ్డ చెవిలో పేరు చెప్పవలసినది మా అక్కయే యని చెల్లెలు పట్టుబట్టెను. కనుక శ్రోతలారా, కిటికీ లేకున్న ప్రయాణము లేదు, ప్రయాణము లేకున్న పసివానికి పేరు లేదు, మరి తవిటయ్యకు ఇంట మనశ్శాంతి లేదు.

ఖరగ్‌పూరులో రైలెక్కుట వేరు, సీటు పట్టుట వేరు. బండి ఆగకమునుపే దానితోపాటు పరుగెత్తి కిటికీ ఊచల సందున రుమాలు విసరవలెను. ఎవని గుడ్డ పడిన చోటు వానిది. ఇది ఏ రైల్వే చట్టమునందును లేదు. కాని ఆ చట్టములను మీరినవారు వేలకొలది గలరు, ఈ కట్టుబాటును మీరినవాడు ఒక్కడును లేడు.

ఆ ఉదయమున సైరను మ్రోగగానే మహావీరుడు లేచి, స్నానమాడి, ఇస్త్రీ రుమాలు జేబున ధరించి, భార్యతో కూడి టోటో యను బ్యాటరీ రిక్షాలో స్టేషనుకు వెడలెను. పాదచారుల వంతెన మొదట దిగిన తోడనే, జంతికలు సున్నుండలు నిండిన పెద్ద నూనెడబ్బాను ఆమె చేతికిచ్చి, “నువ్ ఎనకాల మెల్లగా రాయే!” అని పలికి, కోదండము నుండి వెడలిన బాణమువలె దూసుకొని పోయెను. బండి వచ్చెను. రుమాలు ఎగిరెను. అయ్యో! దానికంటె రెప్పపాటు ముందుగా ఎర్రగళ్ల గంఛా తువ్వాలొకటి ఎగిరివచ్చి కిటికీ సీటును కప్పివైచెను. అది టోని యను నిత్యప్రయాణికునిది. మల్లెపూవు వంటి తెల్లప్యాంటు, దువ్విన మీసము, ఓటమి యెరుగని తువ్వాలు, ఇవియే వాని ఆయుధములు.

మీనాకుమారి డబ్బాతో రొప్పుచు వచ్చెను. చూచెను. డబ్బాతోనే వెనుదిరిగెను. గార్డు ఈల వేసెను, బండి కదలెను, తవిటయ్య నెత్తిన చేయి పెట్టుకొనెను. అంతలో...

సైరను మ్రోగెను. తవిటయ్య తన మంచము మీద ఉండెను! వాకిట పాలవాడు “దాదా, ఆజ్ ఏక్‌దమ్ ఖాఁటీ దూధ్!” అని, కల్తీ లేదన్న అదే అబద్ధమును అదే గొంతుతో ఆడుచుండెను. మీనాకుమారి అదే ఆకుపచ్చ చీర కుచ్చెళ్లు సర్దుకొనుచుండెను. దండెము మీద రుమాలు మడత చెడక వ్రేలాడుచుండెను. గడచిన దినము గడవక, వెనుకకు మరలి వచ్చినది! ఇదెట్లు జరిగినదని అడిగెదరా? కథ చెప్పు నాకే తెలియదు, వినువారికి తొందర యెందుకు?

దీనిని ఎరిగినవాడు లోకమున తానొక్కడే యని తలచి, తవిటయ్య వాకిట నీళ్ల డ్రమ్ము ముందు నిలిచి, సేనాపతి కంఠమున గర్జించెను.

“ఓరి కాలమా! నువ్ పట్టాలెక్కిన ఇంజనివైతే నాను దాన్ని ఇప్పి మళ్లీ బిగించిన ఫిట్టర్ని రా! నీ సెక్రం ఎక్కడరిగిందో నానెరుగుదును. ఎన్నిపాలి తిప్పుతావో తిప్పు! ఆ కిటికీ నా మీనాది! ఆ గంఛాని గెలవకపోతే నా స్పానర్ని నూతిలో పారీస్తాను!”

“ముందా బకెట్టు ఇలా తెచ్చి పారీ, నీళ్లాగిపోతాయి,” అనెను మీనాకుమారి లోపలినుండి.

అది మొదలు ఘోరసమరము. ఒకనాడు (నాడన్నను ఆ నాడే!) వీరుడు స్నానమైనను మాని, భార్యను తొందరపెట్టి, ముందుగా పోయి ప్లాట్‌ఫారము అంచున కాపువేసెను. బండి ఆతడు కాచిన చోటు దాటి పోయి ఆగెను, గంఛా గెలిచెను. మరియొకతూరి మాయోపాయము పన్ని, “టోనీ దాదా, గాడీ ఉస్ తరఫ్ ఆ రహా హై!” అని అవతలి ప్లాట్‌ఫారము చూపెను. టోనితోపాటు జనమెల్ల అటు పరుగిడెను. అంతలో మైకులో ప్రకటన వచ్చెను. సవాలు విన్న కాలము పగబట్టి బండిని నిజముగనే అటు మార్చినది! ఆడిన అబద్ధము నిజమైన వేళ ఆడినవాడొక్కడే ఇవతల మిగిలెను.

ప్రతి ఉదయమును పాలవాడు అదే అబద్ధమాడెను. టోటోవాడు అదే గోతిలో బండి దించి “సారీ కాకా” యనెను. వంతెన మొదట మీనాకుమారియు ఏదో ఒకటి చెప్పుచునే యుండెను. “ఇయాళ డబ్బా బరువుగున్నాది,” అని ఒకతూరి. “ఓ సెయ్యెయ్యరాదేటి?” అని ఒకతూరి. “పో, పో, నీకెందుకులే,” అని ఒకతూరి. వీరునకు వినుటకు తీరికేది? యుద్ధమునకు పోవువాడు జంతికల సంగతి వినునా?

తుదకొక దినమున విజయలక్ష్మి కరుణించెను. కాలిలో ముల్లు గ్రుచ్చుకొని టోని అడుగు తడబడెను, రుమాలు ముందుగా పడెను. తవిటయ్య లోనికురికి, దానిని ఊచకు ఫిట్టరు ముడివేసి, కిటికీ సీటుపై ఆసీనుడై, జబ్బలు చరచి బయటికి చూచెను.

వంతెన మెట్ల మీద మీనాకుమారి. చేత డబ్బా, భుజమున సంచి. రెండు మెట్లు దిగును, డబ్బా దింపును, నడుము పట్టుకొనును, మరల ఎత్తును. వంతెన మీది జనమెల్ల ఆమెను దాటి పోవుచుండెను. గార్డు ఈల వేసెను. బండి కదలెను. సీటు తనది, భార్య ప్లాట్‌ఫారము మీద. కిటికీలోనుండి గాలి మాత్రము చక్కగా వీచుచుండెను.

తవిటయ్య జబ్బ మీది చేయి దించెను. ఇన్నితూరులును తాను వెనుకకు తిరిగి ఆ మెట్లవైపు చూడనేలేదని అప్పుడు తెలిసి సిగ్గుపడెను. ఎవరికొరకు ఈ యుద్ధమో ఆ మనిషినే మోతకు వదలి వచ్చితినే యని ఏడ్చెను.

సైరను మ్రోగెను.

ఈమారు గర్జన లేదు. వంతెన మొదట మహావీరుడు ఇస్త్రీ రుమాలును తీసి, మెలిపెట్టి, చుట్టకుదురు చేసి నెత్తిన పెట్టుకొని, దానిపై డబ్బా నెత్తికెత్తుకొనెను. మీనాకుమారి నిలిచిపోయెను.

“రుమాలు అలా సుట్టీసినావేటి? మరి సీటుకేటేస్తావు?”

“సీటు పోతే పోనీయే. పద, కలిసే ఎల్దుము.”

ఆమె ఆతనిని పైనుండి క్రిందికి చూచెను. సంచి కూడ తీసి ఆతని భుజమునకు తగిలించెను. ఇరువురును తీరికగా మెట్లు దిగి పెట్టె యెక్కిరి. లోపల చోటన్నది లేదు. కిటికీ చెంత గంఛా పరచుకొని టోని మీసము దువ్వుచుండెను. తవిటయ్య డబ్బా దింపి తల వంచెను. మీనాకుమారి మాత్రము తిన్నగా పోయి టోని ఎదుట నిలిచెను.

“దాదా, ఆమార్ బోమి హొయ్. కిటికీ నేకపోతే వాంతులైపోతాయి. నీ ఇష్టం మరి.”

టోని ఆమె మొగమును చూచెను. తన తెల్లప్యాంటును చూచుకొనెను. “అరే బాప్‌రే! బోషున్ దీదీ, బోషున్!” అని స్ప్రింగు తెగినట్లు లేచి, గంఛాతో సీటు తుడిచి మరీ ఇచ్చి, తాను లోపలికి జరిగెను. ఏ రుమాలును గెలువలేని కోట, ఒక్క వాంతి పేరు చెప్పగానే కూలెను!

తవిటయ్య టోనిని, సీటును మార్చి మార్చి చూచెను. “ఇంత సులువేటే! ఇన్ని దినాలూ...” అని నాలుక కరచుకొనెను.

“ఇన్ని దినాలూ నీకు సెప్పుదుమంటే నువ్ నిలబడితే కదా,” అని మీనాకుమారి కొంగు సర్దుకొనెను. “నానొచ్చీసరికి నీ గుడ్డల యుద్ధం అయిపోతాది. సైరను మోగిపోతాది. ఒకే సీర, ఒకే డబ్బా, ఎన్నిపాలి మోయించినావయ్యా! పాలోడి అబద్ధం నాకు కంఠతా వచ్చీసింది.”

“నీకూ గుర్తున్నాదేటి?”

“నేకేటి! నువ్వొక్కడివే మొనగాడివనుకున్నావేటి?”

అప్పుడు తవిటయ్యకు స్ఫురించెను. పాలవాడు మాట మార్చలేదు, టోటోవాడు మార్చలేదు. వంతెన మొదట తన భార్య యొక్కతెయే దినమునకొక మాట చెప్పెను. తాను ఒక్కటియు వినలేదు.

ముగ్గురు పట్టు బల్ల అది. మీనాకుమారి, టోని, ఇంకొక లావుపాటి కాకా కూర్చుండగా నిండిపోయెను. కాని ఈ లోకల్ బండ్లలో నాలుగవ మనిషికి కూడ ధర్మముగా కొంత చెందును. “ఏక్టు చేపే, కాకా,” అని టోని పక్కవానిని జరిపి, చేత్తో బల్ల తట్టి పిలిచెను. పూర్వము దేవేంద్రుడు తాను మెచ్చినవారికి సింహాసనమున సగము జరిగి చోటిచ్చెడివాడట. అట్లే టోని ఇచ్చిన జానెడు చోట, ఒక పిరుదు బల్ల మీదను ఒక పిరుదు గాలిలోను నిలిపి, ఒడిలో డబ్బాతో తవిటయ్య అర్ధాసనమును అధిష్ఠించెను.

గార్డు ఈల వేసెను. బండి కదలెను. వీరుడు కన్నులు గట్టిగా మూసికొని సైరనుకై ఎదురుచూచెను. రాలేదు. తెరచి చూడగా జక్‌పూర్ స్టేషను పోవుచుండెను. ఆ చిన్న స్టేషనును చూచి ఆనందబాష్పములు రాల్చిన మానవుడు చరిత్రలో తవిటయ్య యొక్కడే.

“ఏడుపేటి? ఇదిగో జంతిక తిను. ఆ రుమాలు ఇలాగియ్యి, ఉలుబేరియా రానున్నాది,” అని మీనాకుమారి చేయి చాచెను.

శ్రోతలారా, జయము పలుకుడు! కాలచక్రమును మరలించి, గంఛాతో సంధి చేసికొని, జానెడు బల్లను జయించిన తవిటయ్యకు జయము! ఆ మధ్యాహ్నము పసివాని చెవిలో పేరు పడెను. ఆకుపచ్చ చీరతోనే ఫొటోలు తీసిరి. మరి ఆ రుమాలు, సాంత్రాగాఛి వరకును, పొడిగానే యుండెను.