వస్తానన్నవారి పీట

ఒక పెద్ద అడవిలో, పెద్దదన్న పేరే గానీ ఒకే ఒక్క మందులశాల ఉన్న అడవిలో, జిత్తయ్య అనే నక్క ఆ శాలకు అధికారి. మందిచ్చేవి నాలుగు కోతులు. ఒక్కో కోతి ముందు ఒక్కో పీట. దగ్గు మందు తీసుకుని లేచాక కాళ్ళనొప్పి గుర్తొస్తే మళ్ళీ వరస చివరికే పోవాలి. అందరూ తిట్టుకునేవారు.

ఒకరోజు జిత్తయ్య పట్నంలో ఒక కంప్యూటర్ల ఆఫీసు వెనక ఎంగిలాకులు నాకుతూ, కిటికీలోంచి వచ్చిన మాటలు విన్నాడు.

"సర్వర్‌కి కలిసిన లైను వెంటనే తెంచెయ్యకూడదు. మళ్ళీ ఏదైనా అడుగుతారేమోనని ఉంచాలి. ఎంతసేపంటే..."

అంతలో కుక్క మొరిగింది. జిత్తయ్య ఆ సగం చదువుతోనే అడవికి వచ్చిపడి ఆర్డరు వేశాడు: "వస్తానని చెప్పి వెళ్ళినవారి పీట వారిదే. దానిమీద ఇంకొకరిని కూర్చోబెట్టరాదు."

మన వైపు లేచేటప్పుడు 'పోతాను' అనేదెవరు? తథాస్తు దేవతలు వింటారని భయం. మొదట అడవి సంఘం అధ్యక్షుడు ఏనుగుగారు అజీర్తి మందు పుచ్చుకుని "వస్తానయ్యా" అన్నారు. తర్వాత ఎలుగుబంటి, దుప్పి, అడవిపంది. మధ్యాహ్నానికి నాలుగు పీటలూ ఖాళీ, వరస మాత్రం వాగుదాకా.

జ్వరం పిల్లతో వచ్చిన జింక బతిమాలింది. "పీట ఖాళీగానే ఉంది కదయ్యా!"

"ఖాళీ ఎక్కడమ్మా? ఏనుగుగారు వస్తానన్నారు" అంది పెద్దకోతి.

జిత్తయ్య ఇంకో పది కోతులనూ పది పీటలనూ తెప్పించాడు. మందు నూరే కల్వం మాత్రం ఒక్కటే. దానికోసం కోతులు జుట్లు పట్టుకున్నాయి. కొత్త పీటలూ 'వస్తాను'లతోనే నిండాయి.

మర్నాడు జిత్తయ్య సొంత పిల్ల కుళ్ళిన పీత తిని వాలిపోయింది. నోట కరుచుకుని పెద్దకోతి దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు.

"ముందు నా బిడ్డని చూడరా!"

"పీట లేదండి. ఏనుగుగారు వస్తా..."

"అది వెళ్ళేటప్పుడు అనే మాటరా, మొద్దూ!"

"ఆర్డరు తమదేనండి. వారు పోయారంటే చెప్పండి, ఇప్పుడే పీట ఇచ్చేస్తాను."

పిల్ల కళ్ళు తేలేసింది. "పోయారు! ఏనుగుగారు పోయారు!" అని అరిచాడు జిత్తయ్య.

వరసంతా గొల్లుమంది. పూలు కోసుకుని ఏనుగుగారింటికి పరామర్శకు పరుగెత్తింది. జింక ఒక్కతే కదల్లేదు. నక్కపిల్ల మందు మింగి, కక్కి, కళ్ళు తెరిచింది. జిత్తయ్య దాన్ని హత్తుకుని భోరున ఏడ్చాడు. అదే పీట మీద జింకపిల్లకీ మందు దొరికింది.

సాయంత్రం ఏనుగుగారు మెడనిండా పూలదండలతో వచ్చారు.

"నేను పోయానన్నది ఎవడ్రా?"

జిత్తయ్య ఉద్యోగం అక్కడికక్కడే ఊడింది. పిల్లను ఎత్తుకుని, దణ్ణం పెట్టి, అలవాటుకొద్దీ "మరి వస్తానండి" అన్నాడు.

ఆ అధికారి పీట మీద ఇవాళ్టికీ ఎవరినీ కూర్చోనివ్వడం లేదు పెద్దకోతి.

నీతి: పోయినవాడి పీట పదిలం, వచ్చినవాడికే నిలువుకాళ్ళు.