మగ్దలీనమ్మ చేతి మహిమ

పొద్దున మొదటి బస్సుకే నెల్లూరు పోవాలి, కనురెప్పలకు ఆపరేషను చేయించుకోవాలి, పొద్దుగూకేలోగా ఇల్లు చేరాలి, వాకాడులో పిట్టకు కూడా తెలియకూడదు. ఇదీ యెహోషువ వేసుకున్న పథకం. ఆరడుగుల మనిషి, సంఘ పెద్ద. ఆయన ప్రార్థన మొదలుపెడితే గుడి రేకులు అదిరేవి. పై రెప్పలు మాత్రం వయసుతోపాటు జారి కళ్ల మీద పడ్డాయి. పోయినేడు చర్చి వార్షికోత్సవం ఫొటోలో అందరూ నవ్వుతుంటే ఆయనొక్కడే నిద్రపోతున్నట్టు పడ్డాడు.

"అందం కోసం కోయించుకున్నాడంటే నా పరువేం గావాల? ఎవురికీ చెప్పబాక," అని భార్య దగ్గర మాట తీసుకున్నాడు.

మగ్దలీనమ్మ తలూపింది. ఆమె ఆయన భుజం దాకా కూడా రాదు. గొంతు మరీ చిన్నది. చేపలమ్మే పోలేరయ్య ముందు నిలబడి ఎన్నిసార్లు అడిగినా, అతను ఆమె వెనకున్నవాళ్లకే ముందు తూచేవాడు.

నెల్లూరులో డాక్టరమ్మ అన్నీ విడమరిచి చెప్పింది. "మత్తు రెప్పల వరకే ఇస్తాం. ఎక్కువైన చర్మం తీసేసి కుట్లేస్తాం. వారంలో విప్పేస్తాం. వాపొస్తుంది, కళ్ల చుట్టూ కమిలిపోతుంది. భయపడొద్దు. ఐసు పెడుతుండండి. తల వంచొద్దు, బరువులెత్తొద్దు."

కమలడమంటే ఏమిటో మర్నాడు తెల్లారాక తెలిసింది. రెండు కళ్లూ నేరేడుపళ్ల రంగుకు తిరిగి బూరెల్లా ఉబ్బాయి. మగ్దలీనమ్మ ఆయన్ను పెరట్లో కుర్చీలో కూర్చోబెట్టి, గుడ్డలో ఐసు ముక్కలు చుట్టి కంటికి ఆనించింది. ఆయన "అమ్మో!" అంటూ లేవబోయాడు. కంగారులో ఆమె గొంతు ఎన్నడూ లేనంతగా పైకి లేచింది.

"కదలబాక! ఒక కంటికి పెట్టినా గదా, రెండో కంటికీ పెట్టేలోగా లేచినావంటే చూడు!"

గోడవతల బట్టలారేస్తున్న కామమ్మ చేతిలోంచి చీర జారిపోయింది. మునివేళ్ల మీద లేచి తొంగిచూస్తే నల్లబడ్డ కళ్లతో యెహోషువ, ఎదురుగా పిడికిలి బిగించిన మగ్దలీనమ్మ.

"ఏంది పెద్దయ్యా ఆ కళ్లు?"

"తలుపు తగిలిందిలే."

"రెండు కళ్లకా?"

"మాది రెండు రెక్కల తలుపు గదమ్మా!"

మధ్యాహ్నానికి ఈ మాట సముద్రపొడ్డున వలలు బాగుచేసుకునేవాళ్ల దాకా పోయింది. సాయంత్రం మగ్దలీనమ్మ చేపలకు వెళితే జనం పక్కకు జరిగి దారిచ్చారు. పోలేరయ్య లేచి నిలబడి, మొగ్గు వేసి తూచి, ఆమె వేళ్లవంక బెదురుగా చూస్తూ, "అక్కా, ముక్కలు కూడా కోసిచ్చేదా?" అన్నాడు. ఆటో జయకుమార్ పిలవకుండానే బండి తెచ్చి ఆపాడు. పాస్టరుగారు పరామర్శకు వచ్చి ఓర్పు గురించి వాక్యం చదివారు. టీ ఇవ్వడానికి ఆమె చెయ్యి చాపగానే ముఖానికి బైబిలు అడ్డం పెట్టుకున్నారు.

"నిజం చెప్పేద్దామయ్యా," అని ఆమె బతిమాలింది.

"వద్దు. పెళ్లాం కొట్టిందంటే జాలిపడతారు. అందం కోసమంటే నవ్వతారు."

మగ్దలీనమ్మకు సిగ్గేసింది. పులుసులో ముక్కల సైజు చూశాక ఆ సిగ్గు కొంత తగ్గింది.

కుట్లు విప్పారు, వాపు దిగింది. ఒక పొద్దున యెహోషువ వాకిట్లోకి వచ్చి, గడ్డం ఎత్తకుండానే ఆకాశం చూశాడు. కొబ్బరాకుల చివర్లు, వాటిపైన బారుగా పోతున్న కొంగలు. తర్వాత భార్యవైపు తిరిగి అలాగే నిలబడిపోయాడు.

"నీ కనుబొమ మీద ఆ మచ్చ ఎప్పుడొచ్చిందే?"

"పుట్టినప్పటినించీ ఉండాదయ్యా," అంది ఆమె. ఎందుకో కళ్లు తుడుచుకుంది.

ఆదివారం ఆయన గుళ్లో అడుగుపెట్టేసరికి పాట ఆగిపోయింది. కళ్లు విచ్చుకుని, మనిషి పెళ్లికొడుకులా ఉన్నాడు. ఆరాధన ముగియగానే కామమ్మ తన మొగుణ్ణి రెక్క పట్టుకుని లాక్కొచ్చింది.

"అక్కా, నీ చేతిలో ఏం మహిముందో గానీ పెద్దయ్యకు వయసు తిరిగొచ్చేసింది. మా ఆయనకి కూడా రెండు పెట్టవా?"

ఆమె వెనక ఇంకొందరు భార్యలు వరస కట్టారు. మగవాళ్లు ఒకరి వెనక ఒకరు దాక్కుంటున్నారు. యెహోషువ ఇక ఆగలేక వేదిక ఎక్కాడు.

"అయ్యలారా, ఆమె నన్ను ఏనాడూ కొట్టలేదు. ముసలితనంలో సోకుకు పోయి, నెల్లూరులో రెప్పలు కోయించుకున్నా. ఇదే నిజం!"

కామమ్మ మొగుడు పక్కవాడి చెవిలో, "చూసినావా, ఎంత భయపెట్టిందో! దేవుడి ముందర కూడా నిజం చెప్పలేకపోతుండాడు," అన్నాడు.

యెహోషువ జీవితంలో చెప్పిన సాక్ష్యాలన్నిటిలోనూ సంఘం నమ్మనిది అదొక్కటే.