మేడ మీద ఎవరూ ఉండరు

ఆ రోజు పొద్దున పిచ్చుక వేసుకున్న ప్లాను చాలా చిన్నది. పదింటికి ఉపకారవేతనాల ఆఫీసులో దరఖాస్తు పడేసి, పదకొండుకల్లా క్లాసులో కూర్చోవాలి. డిగ్రీ రెండో ఏడాది ఫీజు రాష్ట్ర ప్రభుత్వం కడితే చదువు ఉంటుంది, లేకపోతే ఇంటిపట్టున బొత్తాలు కుట్టుకోవడమే. మొదటి ఏడాది ఫీజు కోసం దర్జీ నాన్న తన రెండు మిషన్లలో ఒకటి అమ్మేశాడు. ఇక అమ్మడానికి ఉన్నది అన్నం పెడుతున్న మిషనే.

విద్యార్థి ఈ రాష్ట్రంలోనే నివసిస్తున్నట్టు రుజువు కావాలిట. ఇంట్లో ఏ గదిలో ఉంటారో పటం గీసి చూపించాలిట. పిచ్చుక నిజాయితీగా మేడ మీది తన గదిని గీసింది, కిటికీ ఊచలతో సహా. ఆ గదిలో కాపురం పెట్టినందుకే ఆమెకు ఆ ముద్దుపేరు. పటం సంగతి మాత్రం అమ్మకు చెప్పలేదు. చెప్పాలని తోచనే లేదు.

ఆ గది రెండేళ్ళ కిందట అనుమతి లేకుండా కట్టింది. అప్పటినుంచి చేతిలో ఫైలున్న మనిషి వీధి మొదట్లో కనిపిస్తే చాలు, అమ్మకు గుండె దడ. ఎదురుగా బండి పెట్టుకున్న ఇస్త్రీ ఆయనకు కూడా పాఠం చెప్పి ఉంచింది. మేడ మీద ఎవరూ ఉండరు, పాత సామాను గది, అంతే.

మూడో రోజు పిచ్చుక క్లాసులో ఉండగా ఉపకారవేతనాల గుమాస్తా ఫైలుతో వచ్చి మేడ వైపు చూశాడు. అమ్మకు ఇక వేరే వివరాలేవీ అక్కర్లేకపోయింది.

"పైన ఎవరుంటారమ్మా?"

"ఎవరూ ఉండరండీ. పాత సామాను."

"మరి మీ అమ్మాయి?"

"మా అమ్మాయి ఇక్కడ ఉండదండీ. వాళ్ళ పిన్ని దగ్గరుంటుంది. వేరే రాష్ట్రం. చాలా దూరం."

ఇస్త్రీ ఆయన అడక్కుండానే వచ్చి సాక్షి సంతకం పెట్టాడు. అమ్మ గుమాస్తాకు టీ ఇచ్చి మరీ సాగనంపింది.

సాయంత్రం పిచ్చుక చెప్పులు విప్పుతుండగానే, "ఇవాళ ఇల్లు కాపాడానే!" అంటూ అమ్మ జరిగిందంతా చెప్పింది. పిచ్చుక చెప్పు చేత్తో పట్టుకుని అలాగే కూలబడిపోయింది. కొంప మునగడమంటే ఏమిటో ఆ పిల్లకు అప్పుడే తెలిసింది.

మర్నాడు ఆఫీసుకు పరుగెత్తింది.

"సార్, నేను ఇక్కడే ఉంటాను. చూడండి, మీ ఎదురుగానే ఉన్నాను."

"నాకు కనిపిస్తూనే ఉన్నావమ్మా," అన్నాడు గుమాస్తా జాలిగా. "ఫైల్లోనే లేవు. ఎల్లుండి పొద్దున ఇంకోసారి వస్తాను. ఆ సాయంత్రమే ఆఖరి గడువు."

తీరా ఇంటికి వస్తే మేడగదిలో కాలు పెట్టే చోటు లేదు. తను చెప్పింది అబద్ధం కాకూడదని అమ్మ ఊరుకోకుండా విరిగిన మంచాలు, ఇరుగుపొరుగు వాళ్ళ పాత డబ్బాలు కూడా అడిగి తెచ్చి గది నింపేసింది. పుస్తకాలు ఎక్కడో అడుగున ఉన్నాయి. అవన్నీ దింపి, డబ్బాలు ఎవరివి వాళ్ళకు అప్పజెప్పేసరికి ముగ్గురికీ తల ప్రాణం తోకకొచ్చింది.

"ఈసారి నిజం చెప్పాలి," అని నాన్న ఇస్త్రీ ఆయన్ని బతిమాలాడు.

"ఏ నిజం అన్నా? మొన్నటిదా, ఇవాళ్టిదా?"

గుమాస్తా వచ్చాడు. ఈసారి ఇల్లంతా పోటీపడి నిజం చెప్పింది. అమ్మ భయపడి చెప్పానని ఒప్పుకుంది. నాన్న అక్కడితో ఆగాడా? గది ఎప్పుడు కట్టిందీ, ఎన్ని ఇటుకలు పట్టిందీ, అనుమతి కోసం తిరిగితే పని జరగదని ఎలా కానిచ్చేసిందీ కూడా వివరించి, గోడ తట్టి చూపించాడు. పిచ్చుక సైగ చేస్తూనే ఉంది. గుమాస్తా ఒక్క ముక్క వదలకుండా రాసుకున్నాడు.

వారం తిరక్కుండా రెండు కవర్లు వచ్చాయి. మొదటిదాంట్లో ఉపకారవేతనం మంజూరైంది. అమ్మ ఆ కాగితాన్ని కళ్ళకద్దుకుంది. రెండోది పురపాలక కార్యాలయం నుంచి వచ్చింది. ఇంటి యజమాని స్వయంగా చెప్పిన ప్రకారం అనుమతి లేకుండా కట్టిన గదిని పదిహేను రోజుల్లో తొలగించాలి.

పిచ్చుక మొదటి కాగితం తిప్పి చూసింది. దరఖాస్తులో చూపిన గది మారితే మంజూరు రద్దవుతుందనీ, మళ్ళీ మొదటినుంచి విచారణ జరుగుతుందనీ వెనక సన్నటి అక్షరాలున్నాయి. ఆమె మేడమెట్ల మీద కూర్చుండిపోయింది. ఏడుద్దామన్నా ఏడుపు రాలేదు.

"పోనీ, కిందకొచ్చెయ్యవే," అంది అమ్మ.

"వస్తే ఉపకారవేతనం పోతుందమ్మా."

"అయితే పైనే ఉండు."

"పైన గది ఉండదు కదమ్మా."

నాన్న లోపలికెళ్ళి, ఉన్న ఒక్క మిషన్ మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. పిచ్చుక అటు చూడలేకపోయింది.

ఇంతలో ఇస్త్రీ ఆయన గేటు దగ్గరికి వచ్చి, ఈ వారం నిజమేమిటో ముందే చెప్పి పెట్టమన్నాడు.